గింజలోనూ గడ్డిలోనూ ఒకే గ్లూకోజు
(స్మారకోపన్యాసం)



జీవరసాయన శాస్త్రం బోధించిన గురువుగారి పేరిట మాట్లాడమన్నారు. సదాశివనగర్‌లో ఆ శాస్త్రానికి ప్రయోగశాల వెతుక్కోనక్కరలేదు. 44వ జాతీయ రహదారి దిగితే వరి, చెరుకు, మక్క.

వరి గింజలో ఎక్కువగా ఉన్నది స్టార్చ్. గడ్డికి గట్టితనమిచ్చేది సెల్యులోజ్. రెండింటినీ పూర్తిగా విడగొడితే మిగిలేది గ్లూకోజే. మరి ఒకటి మనకు అన్నం, ఇంకొకటి బర్రెకు మేత ఎందుకయ్యాయి? ఒక గ్లూకోజు మొదటి కార్బను, పక్కదాని నాలుగో కార్బనుతో ఆక్సిజన్ ద్వారా ముడిపడుతుంది. ముడిపడ్డప్పుడల్లా ఒక నీటి అణువు బయటికి పోతుంది. ముడి ఆల్ఫా తీరుదైతే గొలుసు మెలికలు తిరుగుతుంది. గంజిలో అయోడిన్ చుక్క వేస్తే నీలినలుపు రంగు వచ్చేది ఆ మెలికల లోపల అయోడిన్ దూరడం వల్లనే. బీటా తీరుదైతే ఒక్కో గ్లూకోజు పక్కదానికి తలకిందులుగా నిలుస్తుంది. గొలుసు నిటారుగా సాగి, పక్క గొలుసులను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని, పేనిన మోకులా బిగుస్తుంది.

మన లాలాజలంలోని అమైలేజ్ ఆల్ఫా ముడినే విప్పగలదు. సెల్యులోజ్‌లోని బీటా ముడి విప్పే ఎంజైము మనకు లేదు. నిజానికి బర్రెకూ లేదు. దాని మొదటి పొట్టలో కాపురమున్న సూక్ష్మజీవులకుంది. వరిగడ్డిలో లిగ్నిన్, సిలికా కూడా ఉండడంతో వాటికీ ఆ పని కష్టమే.

స్టార్చ్‌లోనూ రెండు రకాలు. అమైలోజ్‌కు కొమ్మలు దాదాపు ఉండవు. అమైలోపెక్టిన్‌కు సుమారు 24 నుంచి 30 గ్లూకోజులకొక కొమ్మ. మన కాలేయంలో, కండరాల్లో ఉండే గ్లైకోజెన్‌కు కొమ్మలు ఇంకా దట్టం, 8 నుంచి 12కొకటి. కొసలెన్ని ఉంటే అన్ని చోట్ల ఎంజైములు ఒక్కసారే పని మొదలుపెడతాయి కాబట్టి పరుగెత్తేవాడికి గ్లూకోజు వెంటనే అందుతుంది. అమైలోజ్ ఎక్కువున్న బియ్యం పొడిపొడిగా ఉడుకుతుంది, తక్కువైతే ముద్దవుతుంది. రాజేంద్రనగర్‌లో రూపొందిన తెలంగాణ సోన, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 బియ్యాన్ని, రక్తంలో చక్కెర ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచీ సుమారు 51 అని షుగరున్నవారికి అమ్ముతున్నారు. సూచీ తక్కువని రెట్టింపు తింటే ఆ లాభం పోతుంది. ఆ మాట బస్తా మీద రాయరు.

గ్లూకోజు ఇచ్చే శక్తి మాట వచ్చాక, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావును తలవకుండా ఉండలేను. 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన కండరం నుంచి ఏటీపీని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా ఆ పని చేశారు. గ్లూకోజు విరిగినప్పుడు వచ్చే శక్తిని కణం ప్రధానంగా ఏటీపీ రూపంలోనే వాడుకుంటుంది. ఆ ఏటీపీలోనూ రైబోజ్ అనే చక్కెర ఉంది. దాని దగ్గరి చుట్టం డీఆక్సీరైబోజ్ డీఎన్‌ఏ వెన్నులో ఉంటుంది.

ఇక చెరుకు. మన మండలంలో అడ్లూరు ఎల్లారెడ్డిలో చక్కెర కర్మాగారం ఉంది కాబట్టి ఇది రైతులకు నేను చెప్పాల్సిన సంగతి కాదు: నరికిన చెరుకు ఎండలో నిలిస్తే చక్కెర రికవరీ పడిపోతుంది. ఎందుకో మాత్రం చెబుతాను. చెరుకులోని ఇన్వర్టేజ్, అమైనో ఆమ్లాల గొలుసు ముడుచుకుని ఏర్పడిన ప్రోటీను, సుక్రోజ్‌ను గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొడుతుంది. ఆ రెండూ మిగతా సుక్రోజ్‌నూ స్ఫటికం కట్టనివ్వవు.

చక్కెర తీశాక మిగిలిన మొలాసిస్‌ను ఈస్ట్ ఇథనాల్‌గా మారుస్తుంది. పిప్పిలోనూ గ్లూకోజు బోలెడుంది, కానీ బీటా ముడిలో. ఈస్ట్ దాన్ని ముట్టదు. ముందు ఆమ్లంతోనో ఆవిరితోనో పిప్పిని సడలించి, ఆపైన సెల్యులేజ్ అనే ఎంజైము పోసి ముడి విప్పాలి. ఆ ఖర్చు తగ్గేదాకా మిల్లులు పిప్పిని బాయిలర్లో వేసి ఆవిరి, కరెంటు తీసుకుంటాయి.