సిపాయి ఇంటి సామాను

సైనికులకు బదిలీ అయితే ఇల్లు మార్చే ఖర్చు కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. ఏడో వేతన సంఘం తర్వాత 2017లో ఖరారైన లెక్క ప్రకారం మూలవేతనంలో 80 శాతం బదిలీ గ్రాంటు. సామాను రవాణాకు హోదాను బట్టి వేరే పరిమితి. నాయబ్ సుబేదారు మొదలు పైవారికి 6,000 కిలోలు, రోడ్డు మీదైతే 2017లో కిలోమీటరుకు 50 రూపాయలు. సిపాయికి, నాయక్‌కు 1,500 కిలోలు, అప్పటి రేటు 15 రూపాయలు. సికింద్రాబాద్ నుంచి 2,000 కిలోమీటర్ల దూరం వెళ్లాలంటే ఆ రేట్ల ప్రకారం నాయబ్ సుబేదారుకు లక్ష దాకా వచ్చేది, సిపాయికి 30,000 దాటేది కాదు.

కిలోకు లెక్కేస్తే సిపాయికే కాస్త ఎక్కువ పడుతుంది కదా అనవచ్చు. నిజమే. కానీ లారీ కిరాయి కిలోల లెక్కన తెగదు. సామాను పావు వంతే ఉందని డీజిలు, టోలు, డ్రైవరు బత్తా పావు వంతుకు దిగవు. బండి ఖాళీగా తిరిగొచ్చే ఖర్చూ మీద పడుతుంది. పైగా నాయక్ ఇంట్లోనూ ఫ్రిజ్, బీరువా, మంచాలు, పిల్లల సైకిలు, పేరూ నంబరూ రాసిన నల్ల ఇనప పెట్టెలూ ఉంటాయి. పరిమితి పెంచితే ఖజానాకు గండి పడుతుందన్న భయానికీ బలం లేదు: రసీదులు చూపాల్సిందే, ఖర్చయినంతే ఇస్తారు. కరువు భత్యం 50 శాతం పెరిగినప్పుడల్లా ఈ రేట్లు 25 శాతం పెరుగుతాయి గానీ, అందరికీ ఒకేలా పెరిగితే నిష్పత్తి మారదు. అందుకే ముందు ఒక చిన్న లారీ కిరాయి మొత్తాన్ని ప్రతి కుటుంబానికీ ఖాయం చేసి, ఆపైన బరువును బట్టి లెక్కగట్టడం న్యాయమని నా వాదన.