దరఖాస్తులో దాగిపోవద్దు

(ఉద్యోగార్థులైన యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నుంచి నెల్లూరుకు, చెన్నైకి, బెంగళూరుకు ఉద్యోగ దరఖాస్తులు పంపే మన పిల్లల బయోడేటాలను సరిచూసే పనిని, పదవీ విరమణ తరువాత మేము చేపట్టాము. వాటిలో అధికభాగం ఒకే అచ్చున పోసినట్లుంటాయి. నెట్ సెంటరులోని పాత నమూనాలో పేరు మాత్రమే మారుతుంది. ‘కష్టపడే స్వభావం, నిజాయితీ’ అన్న మాటలు అందరి కాగితాల్లోనూ కనిపిస్తాయి. ఆ అభ్యర్థి ఏమి చేయగలడో మాత్రం ఎక్కడా ఉండదు.

కారణమడిగితే, “సొంత డప్పు కొట్టుకున్నట్లుంటుంది కదండీ” అంటారు. పెద్దలు నేర్పిన ఆ వినయం గౌరవించదగినదే. అయితే చేయని పనిని చేశానని చెప్పడం డప్పు; చేసిన పనిని చేశానని చెప్పడం సాక్ష్యం. సాక్ష్యాన్ని దాచడం వినయమనిపించుకోదు.

ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పని చేసే ఇంటి ఆడబిడ్డ బి.కాం. చదివి, బయోడేటాలో ‘అనుభవం: లేదు’ అని రాస్తే ఎలా? ఇంటి సరుకు లెక్కలు రాసి ఉంటే, ఎన్నేళ్లు రాసిందో రాయాలి. ఫోనులో ఆర్డర్లు తీసుకుని పార్శిళ్లు పంపి ఉంటే, నెలకు ఎన్ని పంపిందో రాయాలి. ఏ.ఎస్. పేట దర్గా గంధోత్సవంలో యాత్రికులకు మంచినీటి ఏర్పాట్లు చూసిన యువకుడు, తనతో ఎందరు పనిచేశారో, తన బాధ్యత ఏమిటో రాయాలి. పని, పరిమాణం, ఆధారం: ఈ మూడూ ఉన్న ఒక్క వాక్యం పది విశేషణాల కన్నా బలమైనది. అడిగితే నిరూపించలేని మాట ఒక్కటీ రాయవద్దు.

ఇక పేరు సంగతి. పదో తరగతి మార్కుల జాబితాలో ‘ఎస్.కె.’ అని, ఆధార్‌లో ‘షేక్’ అని, పాన్ కార్డులో మరో అక్షరక్రమంలో ఉంటే, ఎంపికైన తరువాత కూడా చిక్కులు వస్తాయి. ముందుగానే అన్నింటినీ ఒకే విధంగా సరిచేయించుకోవాలి. ప్రైవేటు కొలువుకు పంపే బయోడేటాలో మతం, కులం, వైవాహిక స్థితి రాయనవసరం లేదు. ప్రభుత్వ దరఖాస్తులో మాత్రం రిజర్వేషన్ వర్గాన్ని సరిగా చూపాలి. 2007 చట్టం 14 ముస్లిం సామాజిక వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. దూదేకుల సోదరులు బీసీ-బి కిందికి వస్తారు. ధ్రువపత్రం చేతిలో లేకుంటే ఆ హక్కు కాగితం మీదనే మిగిలిపోతుంది.

పేరును కుదించి, ముస్లిమని తెలియకుండా పంపమని కొందరు సలహా ఇస్తారు. ఆ సలహా వెనుక ఉన్న భయం నిరాధారమైనది కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి చూశారు. సమాన అర్హతలున్నా, అగ్రవర్ణ హిందువు పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి సుమారు మూడో వంతే. కనుక బయోడేటా బాగుంటే వివక్ష తొలగిపోతుందని మేము చెప్పము. పిలుపు రాకపోతే లోపమంతా మీలోనే ఉందని కుంగిపోవద్దని కూడా చెబుతున్నాము.

మరి ఇంత శ్రద్ధ ఎందుకు? అస్పష్టమైన బయోడేటా, తిరస్కరించదలచినవారికి సాకును అందిస్తుంది. స్పష్టమైన బయోడేటా ఆ సాకును తొలగిస్తుంది. న్యాయబుద్ధి గల యజమానికి మిమ్మల్ని ఎంచుకోవడానికి కారణాన్ని ఇస్తుంది. ప్రభుత్వోద్యోగాల్లో సమానావకాశానికి రాజ్యాంగం 16వ అధికరణంలో హామీ ఇచ్చింది. ప్రైవేటు రంగంలోనూ అటువంటి రక్షణ కావాలని మనం అడగాలి. అడిగేటప్పుడు మన చేతిలో కాగితాలుండాలి.

అందుచేత పంపిన ప్రతి దరఖాస్తుకు నకలు ఉంచండి. ప్రకటన, తేదీ, వచ్చిన జవాబు ఒక నోటుపుస్తకంలో రాయండి. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులకు, ఉద్యోగులకు మా మనవి ఒక్కటే: మీ ఊరి మసీదు వద్దనో, గ్రంథాలయంలోనో వారానికి ఒక సాయంత్రం కూర్చోండి. పిల్లలు తెచ్చిన బయోడేటా చదివి, “నువ్వు చేసిన పని ఇందులో ఎక్కడుందమ్మా?” అని అడగండి. వారు నోటితో చెప్పిన జవాబునే కాగితం మీద పెట్టించండి.