బడి కంప్యూటరుపై చదరంగం: ఏది ఎంచుకోవాలి?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి కంప్యూటర్లపై పిల్లలకు చదరంగం నేర్పడానికి ఏ ప్రోగ్రాం తీసుకోవాలన్నది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. అయితే ఖర్చయ్యేది పదిమంది ఇచ్చిన చందా, పిల్లల చదువు వేళ. అందుచేత మేము కొంత ఆలోచించి ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

మన దేశంలో చతురంగంగా పుట్టిన ఈ ఆట ఇరాన్ మీదుగా అరబ్బులను చేరి షత్రంజ్ అయింది. అబ్బాసీ ఖలీఫాల కాలంలో అల్ అద్లీ దీనిపై గ్రంథమే రాశాడు. ఈ ఆట విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్నా, పందెం కూడదన్న దగ్గర అందరిదీ ఒకటే మాట. కనుక మా మొదటి షరతు ఇది: జూదపు ప్రకటనలు చూపే ప్రోగ్రాం బడి గుమ్మం తొక్కరాదు. నమాజు వేళకు ఆట ఆగాలి.

"అన్నిటికంటే బలమైనదే తెండి" అంటారు కొందరు. 1997లోనే డీప్ బ్లూ కంప్యూటరు ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించింది. నేడు ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ అంతకంటే బలమైనది. నిన్ననే గుర్రం నడక నేర్చిన పిల్లకు అటువంటి ప్రత్యర్థి ఎందుకండీ? వరుసగా పది ఆటలు ఓడితే పదకొండోది ఆడనే ఆడదు. దాని బలం తగ్గించుకోవచ్చు నిజమే, కాని అది పాఠం చెప్పదు.

చిన్నపిల్లల కోసమే చేసిన జీకాంప్రి ఉచితం. అందులో చదరంగం ముగింపు ఎత్తుల అభ్యాసాలున్నాయి. ఒకసారి ఎక్కిస్తే ఇంటర్నెట్టు లేకున్నా ఆడుకోవచ్చు. లీచెస్ కూడా ఉచితమే, ప్రకటనలు లేవు, పావుల నడకలు ఒక్కొక్కటిగా నేర్పుతుంది. దానికి ఇంటర్నెట్టు కావాలి. ఖాతాలో పిల్లల పద్ధతి పెడితే బయటివాళ్ళు సందేశాలు పంపలేరు. ఆడపిల్లల విషయంలో జంకే తల్లిదండ్రులకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

కాబట్టి ఇంటర్నెట్టు లేనిచోట జీకాంప్రి, ఉన్నచోట లీచెస్ అని మా అభిప్రాయం. రెండింటికీ డబ్బు అక్కరలేదు గనుక ఆ చందాతో చదరంగం బల్లలు కొందాం. కంప్యూటరు దగ్గర వంతు కోసం కూర్చున్న పిల్లలు ఎదురెదురుగా ఆడుకుంటారు.

2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయిన మన కోనేరు హంపికి తండ్రే గురువు. ఎత్తు ఎందుకు తప్పిందో పిల్ల మనసెరిగి ఓపికగా చెప్పేది మనిషే. వారానికి ఒక గంట ఇవ్వగలవారు మీలో ఎవరున్నా ఈరోజే పేరు ఇవ్వండి. ప్రోగ్రాం ఎంపిక కంటే అదే ముఖ్యం.

వస్సలామ్.