రెండు ఇంజిన్లకూ ఒకే చెయ్యి వద్దు

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ హాల్లో చాలామందే ఉంటారు. అంత పెద్ద విమానానికి రెండే ఇంజిన్లు చూసి, సముద్రం మధ్యలో ఒకటి ఆగితే ఏం గతి అని బెంగపడ్డవాళ్లూ ఉంటారు. ఒకటి ఆగినా విమానం పడిపోదు. కాస్త కిందికి దిగి, వేగం తగ్గి, రెండోదాంతో ఎగురుతుంది. ఎంతసేపు ఎగరనివ్వాలి అన్నదే అసలు ప్రశ్న.

1953లో అమెరికా ఒక నిబంధన పెట్టింది. రెండో మూడో ఇంజిన్లున్న విమానం దారిలో ఎక్కడున్నా, ఒక్క ఇంజిన్‌తో గంటలో చేరగల విమానాశ్రయం ఉండాలి. అప్పటివి తరచూ మొరాయించే పిస్టన్ ఇంజిన్లు. జెట్లు నమ్మకం సంపాదించాక ఆ గంట 1985లో రెండైంది, 1988లో మూడైంది. ఊరికే కాలేదు. మూడు గంటలు కావాలంటే ఆ రకం ఇంజిన్లు గాల్లో ఆగిపోవడం లక్ష గంటలకు సుమారు రెండుసార్లకు మించకూడదు.

నన్నడిగితే ఈ లెక్కలకన్నా మెకానిక్ చేతుల గురించిన నియమమే గట్టిది. 1983 మే 5న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ట్రైస్టార్ విమానం మయామి నుంచి బహామాస్‌లోని నసావుకు బయల్దేరింది. మూడింజిన్ల విమానం. ఆయిల్‌లో లోహపు రజను పట్టే అయస్కాంతపు ప్లగ్గులను ఆ తెల్లవారుజామునే మూడు ఇంజిన్లకూ మార్చారు. ఆయిల్ కారకుండా వాటికి రబ్బరు రింగులుండాలి. రోజూ రింగులు తొడిగిన ప్లగ్గులే చేతికొచ్చేవి. ఆ రోజు స్టోరులోంచి తెచ్చినవాటికి లేవు. ఎవరూ చూడలేదు.

నసావు దగ్గరపడ్డాక మధ్య ఇంజిన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోయింది. దాన్ని ఆపేసి వెనక్కి తిరిగారు. దారిలో మిగతా రెండూ ఆగాయి. లోపల 172 మంది, కింద నీళ్లు. చివరికి మొదట ఆపిన ఇంజిన్‌నే మళ్లీ స్టార్ట్ చేసి మయామిలో దిగారు. అందరూ బతికారు.

ఆ గంట నిబంధన 1964 నుంచి మూడింజిన్ల విమానాలకు లేదు, మూడుంటే భద్రమని! ఒకే పొరపాటు అన్నిటికీ పాకాక ఎన్నుంటే ఏం లాభం? అందుకే ఇప్పుడు దూరపు సముద్రాలు దాటే విమానానికి ఒకే మెకానిక్ ఒకే విడతలో రెండు ఇంజిన్లకూ ఒకే పని చేయకూడదు. తప్పనిసరైతే ఇంకొకరు సరిచూడాలి.

2014లో యూరప్ అధికారులు ఎయిర్‌బస్ ఏ350కి ఒక్క ఇంజిన్‌తో విమానాశ్రయం చేరడానికి 370 నిమిషాల దాకా అనుమతించారు. ఆ గడువును ఇంజిన్లొక్కటే తేల్చవు. కింద సామాన్ల అరలో నిప్పు పుడితే దాన్ని అణచిపెట్టే గ్యాసు కూడా విమానాశ్రయం చేరేదాకా సరిపోవాలి, పైన పదిహేను నిమిషాల మిగులుతో. ఇక మీ ప్రశ్నలు అడగండి.