గొంతు ఆమెది, హక్కు ఎవరిది?

(గాయని, నటి టి.జి. కమలాదేవి జీవితాన్ని గుర్తు చేసుకుంటూ నగరిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో ఒక సినిమా నటి గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకుల్లో ఒకరు సందేహపడ్డారు. "మగ్గాల దగ్గర కూలి రేట్ల గొడవ ఉంది, గృహహింస కేసులున్నాయి, ఇప్పుడు సినిమా ఎందుకక్కా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నేను మాట్లాడబోయేది కూడా కూలి గురించే. ఒక స్త్రీ తన గొంతుతో చేసిన పనికి పేరు, డబ్బు, హక్కు ఎవరికి దక్కాయన్నదే నా విషయం.

ఇక్కడి నుంచి పుత్తూరు మీదుగా వెళితే కార్వేటినగరం ఎంతో దూరం లేదు. ఒకప్పుడు అది సంస్థానం. వేణుగోపాలస్వామి ముద్రతో పదాలు రాసిన సారంగపాణి ఆ సంస్థానం వాడే. శృంగార పదాల్లో చాలా భాగం స్త్రీ మాట్లాడుతున్నట్టుగా ఉంటాయి. అలిగేది ఆమె, ఎదురుచూసేది ఆమె, నిలదీసేది ఆమె. రాసింది మాత్రం పురుషుడు. వాటిని పాడి, ఆడి, తరం నుంచి తరానికి అందించింది కళావంతుల స్త్రీలు. రాసిన వారి పేరు మనకు తెలుసు. పాడి బతికించిన స్త్రీలలో ఎంతమంది పేర్లు చెప్పగలం? 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ నిషేధ చట్టం చేసింది. అది అవసరమైన చట్టమే. కానీ ఆ స్త్రీల విద్యకు గౌరవమైన జీవనోపాధి ఏదన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

ఇక మన పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర జరిగే భారతం చూడండి. రాత్రి నాటకంలో ద్రౌపది వేషం కట్టేది సంప్రదాయంగా మగవాడే. స్త్రీ దుఃఖం మీద నడిచే కథలో కూడా స్త్రీకి వేదిక లేదు.

అలాంటి ప్రాంతంలో, ఆ కార్వేటినగరంలోనే 1930లో తోట గోవిందమ్మ పుట్టింది. ఆమే తర్వాత టి.జి. కమలాదేవిగా తెలుగు, తమిళ సినిమాలకు తెలిసింది. మన ప్రాంతంలో రెండు భాషలూ ఇంటి భాషలే, మద్రాసు రైలెక్కితే చేరే ఊరే. కానీ ఆ రోజుల్లో ఒక ఆడపిల్ల సినిమాల్లోకి వెళ్ళడమంటే రైలెక్కినంత సులువు కాదు. పాడే పిల్ల, ఆడే పిల్ల అంటే లోకం వేసే ముద్ర ఎలాంటిదో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఘంటసాల బలరామయ్య తీసిన 'ముగ్గురు మరాఠీలు' 1946లో వచ్చింది. అందులో నటించేనాటికి కమలాదేవి గారికి పదిహేను, పదహారేళ్ళు. అప్పటికి సినిమాలో నటి కావాలంటే పాడగలగాలి. శాంతకుమారి, భానుమతి, ఎస్. వరలక్ష్మి అందరూ అలా వచ్చినవారే. ముఖం, మాట, పాట మూడూ ఒకే మనిషివి.

అయితే అప్పటికే మార్పు మొదలైంది. 1943లో వచ్చిన 'భాగ్యలక్ష్మి'లో కమలా కోట్నీస్ కోసం రావు బాలసరస్వతీదేవి పాడారు. తెలుగులో నేపథ్యగానానికి అదే తొలి అడుగుగా చెబుతారు. అక్కడి నుంచి పని ముక్కలైంది. ముఖం ఒకరిది, పాట ఇంకొకరిది, కొన్నాళ్ళకు మాట మరొకరిది. దీన్ని నేను పూర్తిగా తప్పుపట్టను. నేపథ్యగానం వల్లే పి. లీల, జిక్కి, పి. సుశీల వంటి స్త్రీలకు రూపంతో నిమిత్తం లేకుండా కేవలం విద్య మీద బతికే దారి దొరికింది. కానీ పని ముక్కలైన ప్రతిచోటా ఒక ముక్క వెలుగులో ఉంటుంది, మిగిలినవి చీకట్లో ఉంటాయి. మగ్గం షెడ్డులో పనిచేసే మనకు ఇది కొత్త సంగతి కాదు. గుడ్డ నేసినవాడు కనిపిస్తాడు, కండెలు చుట్టిన ఆడమనిషి కనిపించదు.

1951 తెలుగు సినిమాకు గొప్ప సంవత్సరం. విజయా వారి 'పాతాళ భైరవి', వాహినీ వారి 'మల్లీశ్వరి' రెండూ ఆ ఏడే వచ్చాయి. రెండింట్లోనూ కమలాదేవి గారున్నారు. 'మల్లీశ్వరి'లో జలజ ఆమే. 'పాతాళ భైరవి'లో ఒక పాట ఆమె సొంత గొంతుతో పాడారు. అదే సినిమాలో కథానాయిక మాలతికి పాట పాడింది పి. లీల. అంటే కథానాయికకు అరువు గొంతు, సొంత గొంతున్న మనిషికి చిన్న వేషం! ఇందులో మాలతి తప్పేమీ లేదు, లీల తప్పూ లేదు. ఎవరు ముందు నిలబడాలి, ఎవరు వెనక నిలబడాలి అన్నది స్త్రీలు నిర్ణయించుకోలేదు, అంతే.

అదే 'మల్లీశ్వరి'లో భానుమతి గారి పరిస్థితి వేరు. ఆమె తన పాటలు తానే పాడుకున్నారు. భర్త రామకృష్ణారావుతో కలిసి భరణీ సంస్థను నడిపారు. 1953లో 'చండీరాణి'కి దర్శకత్వం వహించారు. ఆమె ధైర్యాన్ని అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ ఆ ధైర్యం వెనక ఆస్తి ఉందని మరిచిపోకూడదు. నిర్మాణ సంస్థ చేతిలో ఉన్న స్త్రీ 'నా పాట నేనే పాడతాను' అనగలదు. రోజు లెక్కన, పాట లెక్కన బతికే స్త్రీ ఎంత గొప్ప విద్వాంసురాలైనా ఆ మాట అనలేదు.

కమలాదేవి గారు అలా రెక్కల కష్టం మీద నిలిచిన స్త్రీ. వేషాలు వేశారు, పాడారు, ఇతర నటీమణులకు గాత్రదానం చేశారు. ఈ 'గాత్రదానం' అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. దానమట! ఎనిమిది గంటలు నిలబడి, పెదవి కదలికకు మాట అతికించి, ఏడ్చి, నవ్వి, గొంతు రాసుకుపోయేలా చేసిన పనికి పెట్టిన పేరు దానం. ఇంట్లో మన చాకిరీకి 'సేవ' అని పేరు పెట్టినట్టే ఇదీ. పనికి దానమనో త్యాగమనో పేరు పెట్టాక కూలి అడగడం తప్పులా కనిపిస్తుంది.

ఆమె జీవితంలో నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటుంది. ఆమె బిలియర్డ్స్ ఆడారు. మగవాళ్ళ క్లబ్బుల్లో మగవాళ్ళ ఆటగా ఉన్నదాన్ని చీర కట్టే తరానికి చెందిన దక్షిణాది స్త్రీ పట్టుదలగా నేర్చుకున్నారు. మన దేశంలో తొలి మహిళా బిలియర్డ్స్ క్రీడాకారిణిగా ఆమె పేరే చెబుతారు. చెలికత్తె వేషాలకు, తెర వెనక గొంతుకు పరిమితం చేసిన లోకంలో, ఆ బల్ల దగ్గర ఆమెకు ఎవరి ముఖమూ అరువు అవసరం లేకపోయింది. గెలుపైనా ఓటమైనా ఆమెదే.

ఇప్పుడు చట్టం సంగతికి వస్తాను. 1957 కాపీరైట్ చట్టంలో పాడినవారికి హక్కు లేదు. 1977లో పాటల హక్కుల మీద వచ్చిన సుప్రీంకోర్టు తీర్పులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ప్రత్యేకంగా ఈ అన్యాయాన్ని ప్రస్తావించారు. పాటకు ప్రాణం పోసే గాయకులకే హక్కు లేకపోవడం మన దేశ సంప్రదాయానికి సరిపడదన్నారు. అయినా ప్రదర్శకుల హక్కు చట్టంలోకి రావడానికి 1994 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. మొదట 25 ఏళ్ళన్నారు, 1999లో 50 ఏళ్ళు చేశారు. 2012 సవరణతో మరో రెండు మేళ్ళు జరిగాయి. ప్రదర్శనను వ్యాపారానికి వాడుకున్నప్పుడు రాయల్టీ అడిగే హక్కు వచ్చింది. ఆ ప్రదర్శన తనదేనని చెప్పుకునే హక్కు, దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు వచ్చాయి.

ఆ సవరణ 2012 జూన్ 21న అమల్లోకి వచ్చింది. కమలాదేవి గారు అదే ఏడాది ఆగస్టు 16న కన్నుమూశారు. రెండు నెలలు కూడా లేదు. పైగా 50 ఏళ్ళ లెక్క వేసినా 1951 పాటకు 2001తోనే గడువు తీరిపోతుంది. పాట ఈనాటికీ మోగుతూనే ఉంటుంది. పాడిన స్త్రీకి మాత్రం చట్టం ఆలస్యంగా వచ్చింది.

చట్టం వచ్చినా గొంతెత్తిన స్త్రీకి రక్షణ వచ్చిందా? 2018లో గాయని, డబ్బింగ్ కళాకారిణి చిన్మయి శ్రీపాద లైంగిక వేధింపుల గురించి బహిరంగంగా మాట్లాడారు. ఆ వెంటనే తమిళ డబ్బింగ్ కళాకారుల సంఘం ఆమె సభ్యత్వాన్ని తీసేసింది. చందా బకాయి కారణమని సంఘం చెప్పింది. ఏ కారణం చెప్పినా, మాట్లాడిన స్త్రీకి మాట్లాడే పనే ముందు పోయింది. ఇప్పుడు యంత్రాలే మనిషి గొంతును అనుకరిస్తున్నాయి. 2024లో గాయకుడు అరిజిత్ సింగ్ బొంబాయి హైకోర్టుకు వెళ్ళి తన గొంతును అలా వాడకుండా ఉత్తర్వు తెచ్చుకున్నారు. మంచిదే. కానీ బృందగానంలో నాలుగో వరుసలో నిలబడే అమ్మాయి ఏ కోర్టుకు వెళ్ళగలదు?

చివరగా, మన సంగతి. వేలెత్తి చూపేముందు ఇది చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట మా సంస్థ మహిళా పాటల క్యాసెట్టు తెచ్చింది. సారా వ్యతిరేక ఉద్యమం వేడి ఇంకా చల్లారని రోజులవి. అందులో నాలుగు పాటలు కండెలు చుట్టే పని చేసే ఒక అక్క పాడింది. అట్ట మీద సంస్థ పేరు వేశాం, పాటలు రాసినాయన పేరు వేశాం, డబ్బిచ్చిన వారి పేరు వేశాం. ఆమె క్యాసెట్టు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అక్షరాస్యతా తరగతిలో మా దగ్గరే చదువు నేర్చుకుంది. "అన్నీ చదివినాను గానీ, నా పేరు యాడుందక్కా?" అంది. నేను "ఇది అందరి పాట కదా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఆ రోజు పోయిన కూలి కూడా మేం ఇవ్వలేదని నాకు తర్వాత గుర్తొచ్చింది.

'అందరి పాట' అన్నప్పుడు రాసినాయన పేరు ఎందుకు ఉంది? ఆమె పేరే ఎందుకు లేదు? ఈ ప్రశ్నకు ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు.

అందుకే మూడు పనులు చేద్దామని అడుగుతున్నాను. మన సంస్థలు పాట గానీ, నాటకం గానీ, వీడియో గానీ తయారుచేసినప్పుడు పాడిన, ఆడిన ప్రతి స్త్రీ పేరూ వేద్దాం. ఎంతిస్తామో, మళ్ళీ వాడుకుంటే ఏమిస్తామో ఒక కాగితం మీద తెలుగులో రాసి, చదివి వినిపించి, ఒక ప్రతి ఆమెకిద్దాం. మన ఊళ్ళలో పాడే పెద్దవాళ్ళ పేర్లు, వాళ్ళకు వచ్చిన పాటలు వాళ్ళ అనుమతితో రాసిపెడదాం. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, నిధులూ పెద్దగా అక్కర్లేదు.

సినిమా వాళ్ళను అడిగే ముందు మన అట్ట మీద ఆ అక్క పేరు వేద్దాం. సెలవు.