గొలుసు తాకట్టు పెట్టే ముందు



వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళ డబ్బు సంగతులు తెచ్చానని విసుక్కోకండి. ఇంటిపట్టున ఉండి ఏదైనా చిన్న వ్యాపారం పెడితే వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడవుతుందన్న ఆలోచన మనలో ఎవరికి రాదు చెప్పండి? పచ్చళ్ళో, పొడులో, జాకెట్లు కుట్టడమో! ఆలోచన రావడం మంచిదే. అది నిలబడేదా కాదా అన్నది ఎలా తెలుస్తుంది? డబ్బు పోయాక తెలుసుకోవడం ఒక పద్ధతి. నేను ఆ పద్ధతిలోనే తెలుసుకున్నాను.

మాది గుంటూరు. 2010లో దసరా ముందు, చీటీ పాడుకున్న ఇరవై ఒక్క వేలూ పట్టుకుని మంగళగిరి వెళ్ళి, 700 చొప్పున ముప్ఫై చేనేత చీరలు తెచ్చాను. తెచ్చేముందు పదిమందినీ అడిగాను సుమండీ! "నువ్వు తెస్తే మేం బజారుకెందుకు వెళతాం వదినా!" అన్నవాళ్ళే అందరూ. ఇరవై రెండు చీరలు పది రోజుల్లో వెళ్ళిపోయాయి, వాయిదాల మీద. మొదటి వాయిదా అందరూ ఇచ్చారు. రెండోది సగంమంది. మూడోదాని కోసం గుమ్మం ఎక్కితే కాఫీ ఇచ్చారు. బంధువులాయె, గట్టిగా అడగలేను. మిగిలిన ఎనిమిది చీరలూ పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పెట్టాను. నా పెట్టుబడి కాస్తా పెట్టుబడి చీరల పాలయిందన్నమాట!

నా తప్పు చీరల్లో లేదు, అడిగిన మాటలో ఉంది. "తెస్తే కొంటారా?" అని అడిగితే మొహంమీద కొననని చెప్పే ఆడది మన తెలుగిళ్ళలో ఉంటుందా?

ఈ అనుభవం ఉండబట్టే, మొన్న ఆషాఢంలో మా పక్కవాటా అమ్మాయి మెళ్ళో గొలుసు చూపించి "అక్కయ్యగారూ, ఇది బ్యాంకులో పెడుతున్నాను" అంటే నా గుండె గుభేలుమంది. ఆ గొలుసు పోయిన వాళ్ళమ్మది. కందిపొడి వ్యాపారం పెడుతుందట. పొడికొట్టే మిషను అరవై వేలు. వాళ్ళమ్మ నేర్పిన పొడి, నిజంగా బ్రహ్మాండంగా ఉంటుంది. కవర్లమీద వేయించే పేరు కూడా ఖాయం చేసుకుంది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

వద్దని అనలేదు నేను. అలా అంటే మొండికేస్తుందని తెలుసు. "మిషను ఎక్కడికీ పోదు గానీ, ముందు ఇంట్లో మిక్సీ ఉందిగా, దాంతో ఆరు వారాలు అమ్మి చూడు" అన్నాను. ఇద్దరం కూర్చుని గోడ కాలెండరు వెనక రాసుకున్నాం. మూడు వేలకు మించి ఖర్చు పెట్టకూడదు. ఆరు వారాలు గడిచేసరికి, మనవాళ్ళు కాని పదిహేనుమంది ఒకసారి కొని, తిని, మళ్ళీ డబ్బిచ్చి కొనాలి. లేకపోతే ఆ మాట ఎత్తకూడదు. ఈ గీత ముందే గీసుకోవాలండీ. తరవాత గీస్తే, ఎంతమంది కొన్నారో అక్కడికే గీస్తాం. మనసు అలాంటిది.

తినే సరుకు కదా, ఒక్క పొట్లం అమ్మాలన్నా ఆహార భద్రతా సంస్థ దగ్గర రిజిస్ట్రేషను ఉండాలి. ఆ పని ముందుగా చేయించింది. తరవాత మూడు కిలోల కందిపొడీ, నా పోరు పడలేక ఒక కిలో కరివేపాకు కారమూ కొట్టి, వంద గ్రాముల చొప్పున నలభై పొట్లాలు కట్టింది. రుచికని ఎవరికీ ఊరికే పెట్టవద్దన్నాను. ఊరికే వచ్చినది బాగాలేదనేవాళ్ళు లేరు.

ఇక లెక్క. నేను పదో తరగతితో ఆగినదాన్ని, అయినా ఈ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు. "పప్పూ మిరపకాయలూ కలిసి పొట్లానికి పందొమ్మిది పడుతుంది, నలభై ఐదుకు అమ్మితే ఇరవై ఆరు మిగులు" అంది ఆ అమ్మాయి, కళ్ళు మెరిపించుకుంటూ. వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు, గ్యాసు, కరెంటు, కవరు, చీటీ ఎక్కడ రాశావమ్మా అన్నాను. మరో ఏడు. ఆ నలభై పొట్లాలకూ ఏరడం, వేయించడం, కొట్టడం, జల్లించడం, తూచడం, అతికించడం, కొట్టుకు చేర్చడం, అంతా కలిసి ఎనిమిది గంటల చాకిరీ. గంటకు యాభై వేసుకున్నా పొట్లానికి పది. "నా పనికి నేను కూలి ఇచ్చుకోవడమేమిటి!" అని నవ్వింది. మనం అందరం ఇలాగే నవ్వుతాం. రేపు గిరాకీ పెరిగి మనిషిని పెట్టుకుంటే ఆవిడ నవ్వదు కదా, కూలి అడుగుతుంది. కిరాణా కొట్టాయన పొట్లానికి ఎనిమిది తనకు ఉంచుకుంటానన్నాడు, అదీ అమ్ముడుపోయాకే డబ్బు. కూడండి. నలభై నాలుగయింది. మిగిలింది ఒక్క రూపాయి. అరవై వేల మిషను డబ్బు రావాలంటే అరవై వేల పొట్లాలు, వడ్డీ సంగతి పక్కన పెట్టి!

మిషను వస్తే చాకిరీ తగ్గదా అంటారా? కొట్టడం తగ్గుతుంది. ఏరడం, వేయించడం, అతికించడం ఎక్కడికి పోతాయి?

రెండు వారాలకు కొట్లో ఆరు కందిపొడి పొట్లాలు కదిలాయి. చుట్టాలు పదకొండు కొన్నారు, అందులో నేనూ ఒకదాన్ని. రెండోసారి వచ్చి అడిగినది ఒకే ఒక్కావిడ. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మా పేటలో ఇంటింటా కందిపొడి చేసుకుంటారు. చేసుకోలేనివాళ్ళకు బజార్లో ఇంతకన్నా చవగ్గా దొరుకుతుంది. ఆ రోజు ఆ అమ్మాయి నా ఎదురుగానే కళ్ళొత్తుకుంది. అమ్మ పొడి ఎవరికీ అక్కర్లేకపోయిందే అని. రుచి ఓడిపోలేదమ్మా, బేరం కుదరలేదు, అంతే అన్నాను. ఓదార్పుకన్న మాట కాదది, నిజమే.

అసలు సంగతి కరివేపాకు కారం దగ్గర బయటపడింది. ఆ పది పొట్లాలూ బ్రాడీపేటలో ఒక ఆడపిల్లల హాస్టలుకు తీసుకెళ్ళింది. హాస్టలు కూరలు చప్పగా ఉంటాయి కాబోలు, రెండు రోజుల్లో అయిపోయాయి. కారం మంట ఎక్కువగా ఉందన్నారు. తేజ రకం మిరపకాయ వాడింది మరి! సన్నం రకం కలిపి మంట తగ్గించింది. మళ్ళీ పట్టుకెళితే ఎనిమిదిమంది రెండోసారి కొన్నారు, పక్క గదులవాళ్ళను కూడా తీసుకొచ్చారు. పొట్లం యాభై రూపాయలు, నడుమ కొట్టాయన లేడు, అరువు లేదు. కూలితో సహా ఖర్చులు పోను పన్నెండు మిగిలింది.

అంతా నల్లేరుమీద బండి నడక అనుకోకండి. నాలుగో వారంలో ఒక పిల్ల గడ్డకట్టిన పొట్లం తిరిగి ఇచ్చింది. ముసురు పట్టినప్పుడు ఆకు సరిగా ఆరలేదు. డబ్బు వెనక్కిచ్చి, అప్పటినుంచి ప్రతి వాయిలోనూ ఒక పొట్లం కిటికీలో ఉంచి, వారానికోసారి వాసన చూస్తోంది. ఎన్నాళ్ళు నిలవుంటుందో మనకు తెలియకుండా కవరుమీద తారీకు ఎలా వేస్తాం?

వాన గొడవ పెద్దవాళ్ళకూ తప్పలేదు లెండి. లిజ్జత్ అప్పడాలు మనకందరికీ తెలుసు. 1959 మార్చి 15న బొంబాయి గిర్గాంలో, మేడమీద ఏడుగురు గృహిణులు ఎనభై రూపాయల అప్పుతో మొదలుపెట్టారు. మొదటి రోజు అయినవి నాలుగే పాకెట్లు. అవి తెలిసిన వర్తకుడికి అమ్మారు. మొదటి ఏడు వానాకాలంలో అప్పడాలు ఆరక నాలుగు నెలలు పని ఆపేశారు. మరుసటి ఏడాది ఒక మంచమూ ఒక స్టవ్వూ కొని, మంచంమీద అప్పడాలు పరిచి కింద స్టవ్వు వెలిగించారు. నాకు ఈ కథలో కోట్ల వ్యాపారంకంటే ఆ మంచమే ఇష్టం. ఎక్కడ ఆగిపోయిందో చూసుకుని, అక్కడికి ఎంత కావాలో అంతే కొన్నారు.

ఆరు వారాలయ్యాక కాలెండరు తిప్పి చూశాం. కందిపొడి రెండోసారి కొన్నవారు ఒకరు, కరివేపాకు కారం కొన్నవారు పదిహేడుమంది. కందిపొడి మానేసింది. వాళ్ళింట్లో తినడానికి మాత్రం చేస్తుంది, నాకూ ఒక సీసా పంపుతుంది, డబ్బు తీసుకోకుండా! ఇప్పుడు వారానికి యాభై, అరవై పొట్లాల దాకా కారం వెళుతోంది. "ఇంక మిషను కొననా అక్కయ్యగారూ?" అని మొన్న మళ్ళీ అడిగింది. వేసవికి హాస్టలు పిల్లలంతా ఊళ్ళకు పోతారు కదా, ఆ రెండు నెలలూ ఎవరు కొంటారో చూశావా అన్నాను. కాసేపు ఆలోచించి, ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళ హాస్టలు ఒకటి ఉందట, అక్కడికి పది పొట్లాలు పట్టుకెళ్ళింది.

గొలుసు ఇంకా మెళ్ళోనే ఉంది. మిక్సీ జారు బ్లేడు మాత్రం రెండుసార్లు మార్పించింది.