డి.వి.డి.కి విషయసూచిక

(మన సంఘపు ఉగాది సమావేశమున కార్యవర్గ సభ్యులగు ఒక వస్త్రవ్యాపారి చేసిన ప్రసంగపాఠము)



నేను గుడ్డల వర్తకుడను. నా చదువు మెట్రిక్ తో ముగిసినది. కంప్యూటరు విద్యను ఎచ్చటను అభ్యసింపలేదు. అట్టి నన్ను పిలిచి, ఇంట తీసిన చిత్రమును డి.వి.డి.గా చేయునపుడు దానికి మెనూ ఎట్లు కూర్చవలెనో చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. తప్పు చేసి నేర్చుకొన్నవాడను గనుక ఆ తప్పుతోనే ఆరంభించెదను.

కొన్నియేండ్ల క్రిందట మన బరంపురమున ఐదుగురు వృద్ధ స్త్రీలను కూర్చుండబెట్టి వారికి వచ్చిన పెండ్లిపాటలను కెమేరాతో తీసితిమి. ఎదుర్కోలు, నలుగు, తలంబ్రాలు, బంతులాట, అప్పగింతలు - ఇట్లు 22 పాటలు. సుమారు రెండు గంటల నిడివి. దానిని ఒకే ముక్కగా డిస్కునకెక్కించి 40 ఇండ్లకు పంచితిని. మెనూ పెట్టలేదు. పాటలున్నవి గదా, అది చాలునని తలచితిని.

తరువాత ఆ ఐదుగురిలో ఒకరు కాలధర్మము నొందిరి. పదియవ దినము గడచిన పిమ్మట ఆమె కుమార్తె మా యింటికి వచ్చి, "అన్నయ్యా, అమ్మ పాడిన అప్పగింతల పాట ఒక్కసారి వినిపింపుము" అని అడిగెను. డిస్కు పెట్టితిని. ముందునకు పరుగెత్తించితిని, పాట దాటిపోయినది. వెనుకకు త్రిప్పితిని, వేరొకరి పాట వచ్చినది. ఇంతలో కరెంటు పోయి వచ్చినది. డిస్కు మరల మొదటినుండి ఆరంభమైనది. ముప్పావుగంట అట్లు గడచెను. "పోనిమ్ము అన్నయ్యా, మరియొకనాడు విందును" అని ఆమె లేచిపోయెను. తల్లి పాట ఆ డిస్కులోనే యున్నది. కూతురికి మాత్రము అందలేదు.

నా దుకాణములో వేయి చీరలున్నను, ఏది ఏ అరలో నున్నదో తెలియనిచో వచ్చిన బేరము తిరిగిపోవును. ఈ సంగతి ముప్పది గజముల గుడ్డ విషయమున తెలిసిన నాకు రెండు గంటల పాటల విషయమున తెలియకపోయెను. ఆనాడే మరల పని మొదలుపెట్టితిని.

మొదటి పని కంప్యూటరుపై కాదు, కాగితముపై. చిత్రమును ఆసాంతము చూచుచు ప్రతి పాట ఏ నిమిషమున, ఏ సెకండున ఆరంభమగునో, ఎవరు పాడిరో వ్రాసికొనవలెను. ఆ చోటులనే అధ్యాయములు, అనగా చాప్టర్లు, అందురు. ఒక చిత్రమున 99 అధ్యాయముల వరకు పెట్టవచ్చును. పాట మొదటి అక్షరము తెగకుండ గురుతును రెండు సెకండ్లు ముందుగా ఉంచవలెను.

రెండవది పుటల ఏర్పాటు. టి.వి.పై కనబడు ఒక్కొక్క మెనూను ఒక పుట అనుకొనుడు. ఒక పుటలో 36 బటన్లు పెట్టుటకు డి.వి.డి. నిబంధనలు అనుమతించును. అనుమతి కలదని అన్నియు పెట్టరాదు. నేను మొదటి పుటలో రెండే ఉంచితిని: "అన్ని పాటలు", "పాటల పట్టిక". పట్టికను ఆరేసి పాటల చొప్పున నాలుగు పుటలుగా విభజించితిని. ప్రతి పుట అడుగున "ముందు పుట", "తరువాతి పుట", "మొదటి పుట" అను మూడు బటన్లు. ఏ పుటకు పోయినను తిరిగి వచ్చు దారి ఆ పుటలోనే కనబడవలెను. దారి మూసికొనిపోయిన పుట చూచినచో వృద్ధులు భయపడి రిమోటును క్రింద పెట్టుదురు.

మూడవది రిమోటు నడక. కంప్యూటరుపై మౌసు ఎచ్చటికైన పోవును. రిమోటునకు నాలుగు బాణపు మీటలే గలవు. ప్రతి బటను నుండి పైకి, క్రిందికి, ఎడమకు, కుడికి నొక్కిన ఏ బటనునకు పోవలెనో మనమే నిర్ణయింపవలెను. సాఫ్ట్‌వేరు తానై కూర్చిన నడక ఒక్కొక్కసారి వంకరగా పోవును. అన్నిటిని ఒకే నిలువు వరుసలో పేర్చి, చివరిదాని నుండి క్రిందికి నొక్కిన మొదటిదానికి చేరునట్లు చేసిన చిక్కు లేదు. ఎంచుకొన్న బటను రంగు స్పష్టముగా మారవలెను. ముదురు నీలముపై పసుపు మా యింట అందరికిని కనబడినది.

నాలుగవది మన అక్షరములు. నేను వాడిన ఉచిత సాఫ్ట్‌వేరు డి.వి.డి. స్టైలర్. నా కంప్యూటరున దానిలో తెలుగు వ్రాసినపుడు వత్తులు విడిపోయినవి. "అప్పగింతలు" చూచుటకే కష్టమైనది. అందుచేత పుటనంతను వేరుగా బొమ్మగా చేసి, 720కి 576 చుక్కల కొలతలో, దానిని వెనుక పరచితిని; అక్షరములపై కనబడని బటన్లు అమర్చితిని. డి.వి.డి. బొమ్మ నేటి టి.వి. బొమ్మంత సూక్ష్మము కాదు. సన్నని గీతలు చెదరును. కావున లావు అక్షరములు, తక్కువ మాటలు ఉండవలెను. పాత టి.వి.లు అంచులను కత్తిరించును గనుక నలువైపుల పదియవ వంతు ఖాళీ విడువవలెను.

ఇచ్చట ఒక చర్చ జరిగినది. 1936లో గంజాము ఒడిషా రాష్ట్రమున చేరిన పిమ్మట మన తరములలో అనేకులు ఒడియా లిపిలోనే చదువుకొనిరి. మెనూ తెలుగున వ్రాసిన మనుమలు చదువలేరు, ఇంగ్లీషున వ్రాసిన అవ్వలు చదువలేరు. నేను చేసినదేమన, ప్రతి పాట ప్రక్కన పాడినవారి ముఖచిత్రమును ఉంచి, దాని వెంట పాట పేరు తెలుగున వ్రాసితిని. డిస్కు పెట్టెలో ఉంచిన కాగితముపై అదే పట్టికను ఒడియా లిపిలో కూడ అచ్చు వేయించితిని. పిల్లలు ముఖము చూచి పోల్చుకొందురు. ప్రక్కనున్న అక్షరములు వారి కంటబడుచుండును. అంతకుమించి నేను చెప్పలేను.

ఐదవది ముగింపు. చిత్రము ముగియగానే మొదటి పుటకు తిరిగి రావలెనని ఆజ్ఞ పెట్టవలెను. లేనిచో తెర నల్లబడి నిలిచిపోవచ్చును. మెనూకు కదలు బొమ్మలు, సంగీతము పెట్టవచ్చును గాని నేను పెట్టలేదు. 4.7 జి.బి. డిస్కున రెండు గంటల చిత్రము పట్టించుటయే ప్రయాస.

చివరిది పరీక్ష. మొదట కంప్యూటరున వి.ఎల్.సి.తో చూడుడు. పిదప చెరిపి వ్రాయదగు డిస్కుపై ఎక్కించి, ఇంట అందరికంటె పెద్దవారి చేతికి రిమోటు ఇచ్చి, మీరు నోరు మెదపక కూర్చుండుడు. వారెచ్చట ఆగుదురో అచ్చటనే మీ తప్పు కలదు. మా అమ్మ "తరువాతి పుట" కనబడక మూడుసార్లు ఆగెను. దానిని పెద్దది చేసితిని.

ఫోనుల కాలమున డి.వి.డి. యేల అని యువకులడుగుదురు. కొత్త కంప్యూటర్లు అనేకమునకు డిస్కు పెట్టు చోటే లేదన్న మాట నిజము. అందుచేత పాటలను విడివిడి ఫైళ్లుగా, పేర్లతో, హార్డ్ డిస్కున కూడ దాచితిని. ఇంట ఎక్కించిన డిస్కులు చిరకాలము నిలుచునని నమ్మరాదు. కాని మన పెద్దల యిండ్లలో టి.వి. ప్రక్కన ప్లేయరు ఇంకను ఉన్నది. వారికి తెలిసిన దారి అది. ఏ పెట్టెలో దాచినను పట్టిక కావలసినదే.

కొత్త డిస్కు సిద్ధమైన దినమున మొదటి ప్రతిని ఆ సోదరి యింటికి నేనే తీసికొనిపోయితిని. ఆమె పట్టికలో మూడవ పుటకు పోయి, తల్లి ముఖముపై నిలిచి, మీట నొక్కెను. నేను బయటికి వచ్చి వీధి అరుగుపై కూర్చుంటిని.

మీ యిండ్లలో క్యాసెట్లు, పాత ఫోనులలో చిత్రములు ఎన్నో యుండును. వానిని తెండు. నా దుకాణము ఆదివారము మూసియుండును. ఆ దినమున కూర్చుండి పట్టికలు వ్రాసెదము. పాడినవారు మనయెదుట నుండగనే వారి పేర్లు అడిగి వ్రాసికొందము.

సెలవు.